ఇంట్లో లేని పిల్ల

బొమ్మల పుస్తకాన్ని చూసి పిల్లలు పారిపోవడం నేను ఒక్కచోటే చూశాను. మణుగూరు దాటి, బొగ్గు లారీలు తిరిగే రోడ్డు వదిలి, అడవిలోకి పన్నెండు కిలోమీటర్లు పోతే ఒక గుంపు వస్తుంది. పదిహేను ఇళ్లకు మించి ఉండవు. ఎప్పుడో సరిహద్దు అవతలి నుంచి వలస వచ్చి, పొదలు నరుక్కుని, మొక్కజొన్న వేసుకుని బతుకుతున్న కోయ కుటుంబాలు. అప్పటికి నేను చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకాలు అచ్చువేసి ఊరూరా పంచే ఒక చిన్న సంస్థలో కొత్తగా చేరాను. మాది తిరుమలాయపాలెం పక్క పల్లె. అడవి తెలియదు, కోయ భాష అసలే తెలియదు. భుజాన సంచిలో ఇంకా రంగు వాసన పోని కొత్త పుస్తకాలు ఇరవై దాకా ఉన్నాయి.

ఇప్పచెట్టు కింద కూర్చున్నాను. నలుగురు పిల్లలు మెల్లగా దగ్గరికొచ్చారు. సంచిలోంచి పుస్తకం తీశానో లేదో, ముందున్న పిల్ల రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. పక్కనున్న బుడ్డోడు గుక్కపట్టి ఏడ్చాడు. నేను అట్ట తిప్పేలోగా చెట్టు కింద నేనొక్కడినే మిగిలాను. ఎదురింటి ముసలాయన మంచం మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. తన వేలు చూపించి, రెండో చేత్తో దాన్ని పొడిచి చూపించాడు.

"సిస్టర్... పుస్తకం... కసుక్!"

ఆ సిస్టర్ పోయిన నెలలో చనిపోయింది. ఆమె పేరు రాయను. ఆ అడవిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు ఎవరూ లేరు. ముసలీ ముతకా కూడా సిస్టరనే అనేవాళ్లు. ఆమె చేసిన ఉద్యోగం ఏఎన్ఎం. ఆరు గుంపులకు, రెండు ఊళ్లకు ఆమే డాక్టరు, ఆమే మంత్రసాని, జ్వరాల కాలంలో ఆమే పోలీసు.

మరునాడే ఉపకేంద్రం వరండాలో ఆమెను పట్టుకున్నాను. కోపంగానే వెళ్లాను. నల్లగా, పొట్టిగా, గట్టిగా ఉంది. యాభై దాటిన మనిషి. చీర మీద తెల్లకోటు, కాళ్లకు మగవాళ్ల రబ్బరు చెప్పులు. బల్ల మీద ఒక పుస్తకం పరుచుకుని, నిలబడి స్పిరిటు ముంచిన దూదితో పేజీ పేజీ తుడుస్తోంది. అది మా సంస్థ ఎప్పుడో వేసిన బాతుపిల్ల పుస్తకం. అట్ట చినిగిన చోట దవాఖానా ప్లాస్టరు అంటించి ఉంది.

"నువ్వేనా పుస్తకాల సారువి?" అంది తలెత్తకుండానే.

"అవునండి. పిల్లలకు పుస్తకం చూపించి సూది గుచ్చుతున్నారట మీరు."

"అవ్. చూపియ్యకపోతే చెయ్యి ఇయ్యరు."

"ఇప్పుడు పుస్తకం కనబడితేనే పారిపోతున్నారు."

"నిన్ను చూసి ఉరకలేదు గదా. సంతోషపడు."

ఆ తర్వాత ఆమే చెప్పింది. మలేరియా పరీక్షకు వేలి కొసన గుచ్చి ఒక్క చుక్క రక్తం తీయాలి. దాన్ని చిన్న కిట్టు మీద వేస్తే పావుగంటలో తేలిపోతుంది. ఒక గీత వస్తే భయం లేదు, రెండో గీత వస్తే మలేరియా. అయితే గుచ్చకముందే ఆమెకు సగం సంగతి తెలిసిపోతుందట.

"బాతును చూపిస్త. పిల్ల కన్ను బాతు మీదికి పోవాలె. పోయిందా, మంచిది. గుచ్చుత, ఏడుస్తది. ఇంకా మంచిది. ఏడ్చే పిల్లతోని నాకు భయం లేదు తమ్మీ. ఊకున్న పిల్లతోనే భయం."

ఆ మాట అన్నప్పుడు ఆమె తుడవడం ఆపింది. ఇంతకుముందు ఎవరో ఊరకున్న పిల్ల ఆమె చేతుల్లో ఉండి ఉంటుందని నాకు ఆ రోజు తోచలేదు.

నేను గొప్పగా నా సంచిలోని పుస్తకాలు చూపించాను. వరసగా తిప్పి చూసి, "ఇంతమంది పిల్లలున్నరు గదా మీ పుస్తకాలల్ల. ఒక్కడికన్నా జ్వరం వచ్చిందా?" అంది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఇక మీదట ఆమె పుస్తకం చూపించి గుచ్చదు. బదులుగా నేను ఆమెతో పాటు తిరిగి, గుచ్చేటప్పుడు పిల్లల్ని పట్టుకోవాలి. అంతా అయిపోయాక అప్పుడు పుస్తకాలు తీయాలి. అలా వారానికి ఒక రోజు ఆమె వెంట పోవడం మొదలైంది. పక్క ఊరి ఆశా కార్యకర్త, ఇరవై ఐదేళ్ల కోయ అమ్మాయి, మాతో వచ్చేది. వాగు దాకా సిస్టర్ స్కూటీ మీద, నేను నా బండి మీద. నీళ్లు తక్కువుంటే నా బండి వాగు దాటేది, ఆమె స్కూటీ దాటేది కాదు. దాన్ని ఒడ్డున మద్దిచెట్టుకు ఆనించి మిగతాది నడిచేది.

ఆమె ఎవరింట్లోనూ కూర్చునేది కాదు. పీట వేసినా, మంచం వాల్చినా వద్దనేది. "కూసుంటే మళ్ల లేవబుద్ధి కాదు" అనేది. మధ్యాహ్నం టిఫిను మూత అరచేతిలో పెట్టుకుని నిలబడే తినేది. గుచ్చే ముందు పెదవులు కదపకుండా చర్చి పాట రాగం ఒకటి ముక్కులో తీసేది. ఆ రాగం వినబడగానే పిల్లలు గుంజల వెనక దాక్కునేవాళ్లు. ఆమె కోయ మాట్లాడితే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. కల్లూరు దగ్గరి మనిషి. ఏ భాష మాట్లాడినా కల్లూరు యాసే.

గుంపులోకి అడుగుపెట్టగానే ముందు ఇళ్ల కప్పుల వైపు చూసేది. ఏ ఇంటి మీద పొగ లేదో ఆ ఇంటికే ముందు నడిచేది. "పొయ్యి రాజెయ్యలేదంటే లేచే మనిషి లేదన్నట్టు" అనేది. అలా నడిచేటప్పుడు మాట్లాడేది కాదు, మమ్మల్ని మాట్లాడనిచ్చేది కాదు. తలుపు తడిక తీశాక లోపల ఎవరో దగ్గితే ప్రాణం లేచివచ్చేది.

తొలకరి పడిన రోజు అడవిలో అందరి ముఖాలూ విప్పారేవి. ఆమె ముఖం మాత్రం ముడుచుకుపోయేది. "అందరికి వానొచ్చింది. నాకు డ్యూటీ వచ్చింది" అనేది. "ఇయ్యాల్టి నుంచి పదిహేను దినాలు చూడు. దోమలు పిల్లలు పెట్టాలె, అవి పెద్దగ కావాలె. ఆ తర్వాత మొదలైతది." వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టేది. సరిగ్గా ఆ లెక్క దగ్గరికే జ్వరాలు వచ్చేవి. ఆమె నోట వచ్చిన మాట అలా నిజమవుతుంటే నాకు ఆమె మీదే భయం వేసేది.

పిల్లలు మాత్రం నెమ్మదిగా పుస్తకాల దగ్గరికి వచ్చారు. ఒకరి భుజం మీద ఒకరు పడి చూసేవాళ్లు, ఒకే పుస్తకాన్ని నలుగురు నాలుగు మూలలా పట్టుకునేవాళ్లు. ఆ వానాకాలంలోనే మా సంస్థ ఒక కొత్త పుస్తకం తెచ్చింది. అందులో ఒక్క అక్షరం ఉండదు. అమ్మ, ఎర్రగౌను పాప, చిన్న బాబు, ఒక మేకపిల్ల. వాళ్లు సంతకు పోతుంటే మేక తప్పించుకుంటుంది. అంతే కథ. కోయ పిల్లలకైనా, తెలుగు పిల్లలకైనా మాటలు లేకుండానే అర్థమవుతుందని నేను పొంగిపోయాను. సిస్టర్ నిలబడే తిరగేసింది.

"ఎవరికన్న అర్థమైతదా?"

"ఎవరికైనా."

"నాకైతే ఆ మేక ఎందుకు ఉరికిందో సమజ్ కాలే" అంది.

ఇప్పుడు చెప్పబోయేది జరిగి ఆరేళ్లు. మూడు రోజుల ముసురు తర్వాత ఒక పూట తెరిపి ఇచ్చింది. ఆశా పుట్టింటికి పోయింది. సిస్టర్, నేను మాత్రమే బయలుదేరాం. వాగు మోకాలి లోతే ఉంది, నా బండి దాటగలదు, కాని నీళ్లు ఎర్రగా మారాయి. ఆమె ఒడ్డున ఆగి ఎగువకు చూసింది. "పైన పడ్తున్నది. జల్దీ చేసుకొని పోవాలె" అంది.

గుంపులో ఆ రోజు రెండు ఇళ్ల మీద పొగ లేదు. మొదటి ఇంట్లో ఒక ముసలమ్మ, చలిజ్వరం. రెండో ఇంట్లో, ఆ వేసవిలోనే కొత్తగా గుంపుకు వచ్చిన ఒక తల్లి, ఆమె ఒళ్లో మూడేళ్ల బాబు. తండ్రి కూలికి ఎటో దూరం పోయాడు. నేను బాబును పట్టుకున్నాను. ఒళ్లు పెనంలా కాలుతోంది. సిస్టర్ ముక్కులో రాగం తీస్తూ వేలు గుచ్చింది. బాబు కదల్లేదు. రక్తం చుక్క ఉబికింది. వాడు దాన్ని చూడలేదు, ఆమెను చూడలేదు, నన్నూ చూడలేదు. రాగం ఆగిపోయింది.

"ఏడ్వలేదు" అంది సిస్టర్. అది నాతో అన్న మాట కాదు.

పావుగంట ఆగనక్కర లేకపోయింది. రెండో గీత చూస్తుండగానే వచ్చేసింది. మాత్ర నూరి నీళ్లలో కలిపి పోసింది. వాడు కక్కాడు. మళ్లీ పోసింది, మళ్లీ కక్కాడు.

"బండి తీయ్ తమ్మీ. రోడ్డు మీదికి పో, 108కి ఫోన్ చెయ్. భద్రాచలం తప్ప ఇంకెక్కడ ఆగొద్దు."

ఆ తల్లితో కోయలో గబగబా చెప్పింది. ఆమె బాబును కొంగుతో నడుముకు కట్టుకుని బండి దగ్గరికొచ్చింది. ఎక్కబోతూ ఆగి సిస్టర్‌తో ఏదో చెప్పబోయింది. అప్పుడే ముసలమ్మ ఇంట్లోంచి ఎవరో కేక పెట్టారు. సిస్టర్ అటు తిరిగి, ఇటు చూడకుండానే ఒక ముక్క గట్టిగా కసిరింది. తల్లి బండెక్కింది. మేం పోయాం.

దారంతా ఆమె నా వీపు మీద తడుతూనే ఉంది. చెవి దగ్గర ఏదో చెబుతూనే ఉంది. బురదలో బండి జారుతోంది. పిల్లవాడి కోసం ఏడుస్తోందనుకున్నాను. "ఏం కాదమ్మా, వచ్చేసినం, వచ్చేసినం" అని నేనూ అంటూనే ఉన్నాను. రోడ్డు ఎక్కాక టీ కొట్టు దగ్గర బండి వదిలి, 108 వస్తే ముగ్గురం అందులో ఎక్కాం.

భద్రాచలం దవాఖానాలో బాబును వెంటనే చేర్చుకున్నారు. చేతికి సూది పెట్టారు. సాయంత్రానికి వాడు ఒకసారి సన్నగా మూలిగాడు. నాకు కళ్ల వెంబడి నీళ్లొచ్చాయి. తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుంది. నా సంచి అక్కడే ఉంది. ఆమె అందులో చెయ్యి పెట్టి ఒక పుస్తకం బయటికి తీసింది. అక్షరాలు లేని ఆ కొత్త పుస్తకమే. ఒక్కొక్క పేజీ తిప్పింది. బాబు బొమ్మ మీద వేలు పెట్టి మంచం మీది పిల్లవాడిని చూపించింది.

"అవును, బాబు" అన్నాను.

తర్వాత ఎర్రగౌను పాప బొమ్మ మీద వేలు పెట్టింది. నా ముఖంలోకి చూసింది.

"పాప" అన్నాను. "పా...ప."

ఆమె తల అడ్డంగా ఊపి మళ్లీ వేలు పెట్టింది. ఈసారి వేలితో గట్టిగా పొడిచింది. తర్వాత కిటికీ వైపు, మేం వచ్చిన దిక్కు చూపించింది. బయట మళ్లీ వాన మొదలైంది. "అవును, వాన" అన్నాను. ఆమె తన నుదుటి మీద, మెడ మీద చేతి వెనకవైపు పెట్టి చూపించింది. ఈమెకూ జ్వరం వచ్చిందేమోనని కంగారుపడి నర్సును పిలిచాను. నర్సు వచ్చి చూసి, జ్వరం లేదని చెప్పి వెళ్లింది. తల్లి ఇంకోసారి పాప బొమ్మ చూపించింది. అప్పటికి నాకు సంతోషం ఆగడం లేదు. ఎన్నడూ బడి ముఖం చూడని మనిషి మా కొత్త పుస్తకాన్ని చదువుతోంది, దవాఖానాలో కూర్చుని చదువుతోంది. సంస్థవాళ్లకు ఎలా చెప్పాలో మనసులో మాటలు కూర్చుకుంటున్నాను. ఆమె చాలాసేపు నన్నే చూసింది. తర్వాత పుస్తకం మూసి నా సంచిలో పెట్టేసింది.

పొద్దున్నే వార్డు ఊడ్చే మనిషి వచ్చింది. దుమ్ముగూడెం వైపు మనిషట. చీపురు ఆడిస్తూ తల్లిని కోయలో ఏదో పలకరించింది. తల్లి ఒక్కసారిగా లేచి ఆమె భుజాలు పట్టుకుని మాట్లాడింది. ఊడ్చే మనిషి చేతిలోంచి చీపురు జారింది.

"సారూ, ఈమెకు ఇంకో పిల్లున్నదంట. ఆరేండ్ల ఆడపిల్ల. చేన్ల మంచె కాడ నాయనమ్మతోని ఉన్నదంట, చిలకలు కొట్టనీకి. దానికీ రెండు దినాల కెల్లి జ్వరమంట. నిన్నటి సంది చెప్తనే ఉన్నదంట, నీకు."

నేను సిస్టర్‌కు ఫోన్ చేశాను. ఆమె అంతా వింది. ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాతి సంగతి నాకు ఆశా చెప్పింది. ముందురోజు సిస్టర్ గుంపులో ఇల్లిల్లూ తిరిగి అందరికీ పరీక్ష చేసింది. ఈ తల్లి ఇంటి దగ్గర ఆగి, ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని పక్కింటివాళ్లను అడిగింది. ఎవరూ లేరన్నారు. నిజమే, ఇంట్లో ఎవరూ లేరు. ఆ పొద్దున నా ఫోన్ అందుకుని ఆమె వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు ఛాతీ దాకా ఉన్నాయి. అవతలి ఒడ్డు నుంచి ఇద్దరు మనుషులు తాడు వేసేదాకా ఆమె అక్కడే నిలబడింది. మద్దిచెట్టు కిందికి కూడా పోలేదట. తాడు పట్టుకుని దాటి, చేను చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. మంచె కింద గుడిసెలో నాయనమ్మ పిల్లను ఒళ్లో పెట్టుకుని విసురుతోంది. పిల్ల తెల్లారేసరికే పోయింది. నాయనమ్మ నమ్మలేదు, విసురుతూనే ఉంది.

సాయంత్రం సిస్టర్ నాకు ఫోన్ చేసింది. సిగ్నలు కోసం గుట్ట ఎక్కినట్టుంది, ఆయాసపడుతోంది.

"తమ్మీ, పిల్ల పోయింది. తల్లికి నువ్వు చెప్పకు. నేనొస్త. నేను చెప్త."

మర్నాడు వచ్చింది. చీర అంచుకు ఇంకా ఎర్రమట్టి ఉంది. నన్ను వరండాలోకి పొమ్మంది. కిటికీలోంచి చూశాను. ఆమె మొదటిసారి కూర్చుంది, నేల మీద, ఆ తల్లికి ఎదురుగా, మోకాళ్లు మోకాళ్లకు తగిలేలా. ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు. చాలాసేపు మాట్లాడుకున్నారు. తల్లి ఏడవలేదు. మంచం మీద బాబు మాత్రం ఏడుస్తున్నాడు, గట్టిగా, ప్రాణమున్న పిల్లలు ఏడ్చినట్టు. వాడు బతికాడు.

నేను మణుగూరులో కిరాయి గదికి వచ్చి తలుపేసుకున్నాను. రెండు వారాలు అడవి వైపు పోలేదు. ఊడ్చే మనిషి అన్న మాట చెవిలో గుచ్చుకుంటూనే ఉంది. పాప బొమ్మ సంగతి నాకు, ఆ తల్లికి తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాను. చెప్పేంత ధైర్యం నాకు లేదు. ఒక మధ్యాహ్నం తలుపు దబదబా బాదుతున్నారు. తీస్తే సిస్టర్.

"ఏంది, పుస్తకాలకు సెలవా?"

"మానేస్తున్నా సిస్టర్. ఊరికి పోతా."

"మానేయ్" అంది. "ముందు కోయ నేర్చుకో. నేర్చుకొని మానేయ్."

గడపలోనే నిలబడి, సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. ఆ రోజే మొదలుపెట్టింది. చెట్టు, పిట్ట, నీళ్లు లాంటి మాటలతో మొదలుపెట్టలేదు. ఎప్పటి నుంచి? నీళ్లు తాగుతోందా? ఎక్కడుంది? ఇంకెవరు? ఈ నాలుగు ప్రశ్నలు నాకు కంఠతా వచ్చేదాకా గడపలోంచి కదల్లేదు. తప్పు పలికితే "మళ్ల" అనేది. నా మీద ఒక్క నింద వేయలేదు. తెలియదు కాబట్టే వేయడం లేదనుకున్నాను.

ఆ పిల్ల పోయిన తర్వాత ఆమె అడిగే ప్రశ్న మారిపోయింది. ఏ ఇంటికి పోయినా ఇంట్లో ఎవరున్నారని అడగడం మానేసింది. "ఇంట్లో లేని పిల్లలెవరు?" అని అడిగేది. సమాధానం వచ్చాక కూడా ఊరుకునేది కాదు. చేలకు పోయేది, మంచెల కింద తొంగిచూసేది, పశువులు కాసే పిల్లల్ని వెతుక్కుంటూ పొదలు దూరేది. ముక్కులో రాగం తీయడం మాత్రం మళ్లీ వినలేదు. పిల్లలు ఇప్పుడు ఆమె వస్తున్నట్టు తెలియక, ఉన్నట్టుండి ఎదురుపడితే అరిచేవాళ్లు.

చలికాలం రాకముందే ఆమెకు బదిలీ అయింది, కల్లూరు దగ్గరికి. సొంతూరికి దగ్గరని నేను సంతోషించాను. అలాగే చెప్పాను కూడా. ఆమె "అవ్, మంచిగైంది" అంది. వెళ్లే రోజు వాగు దాకా వచ్చి అవతలి ఒడ్డును చూసి వెనక్కి తిరిగింది. దాటలేదు.

తర్వాత క్రిస్మస్‌కు ఒకసారి, తొలకరికి ఒకసారి ఫోన్ చేసేది. క్షేమం అడిగేది కాదు. తొలకరికైతే, "అక్కడ వాన పడ్డదా?" అనేది. పడిందంటే, ఏ రోజు పడిందని అడిగి, అవతల వేళ్లు మడుస్తూ రోజులు లెక్కపెట్టడం వినబడేది. "ఆ పదిహేను దినాలు గుంపు విడిచిపెట్టకు" అని పెట్టేసేది. ఆమె స్థానంలో వచ్చిన ఇద్దరూ ఏడాది తిరగకుండానే వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ ఉపకేంద్రానికి తాళం ఉంది. జ్వరం వస్తే ఆశా ఒక్కతే.

పోయిన నెల కొత్త పుస్తకాల పెట్టెలు విప్పుతుంటే ఆశా ఫోన్ చేసింది. "సార్, సిస్టర్ పోయింది. గుండెపోటంట. పొద్దున డ్యూటీకి తయారయ్యి, చెప్పులేసుకుంట పోయిందంట."

ఇద్దరం కల్లూరుకు బస్సులో పోయాం. చర్చి వెనక సమాధుల తోటలో జనం బాగానే ఉన్నారు, కాని మాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. పాటలు పాడారు. మట్టి వేశారు. అందరూ వెళ్లిపోయాక ప్రహరీ పక్కన నిలబడి ఆశా కళ్లు తుడుచుకుంది.

"అడవిలనే ఉంటనన్నది సార్, రిటైరయ్యేదాక. మెమో రాకపోతే ఉండేది."

"ఏం మెమో?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "మీకు తెల్వదా? ఆ పిల్ల పోయినంక మెమో ఇచ్చిన్రు గద. గుంపుల పిల్లలందరికి పరీక్ష ఎందుకు చెయ్యలేదని. సిస్టర్ నా ముందల్నే కూసోని జవాబు రాసింది. తల్లి బండి కాడ చెప్పబోయింది, నేను ముందు బండెక్కు అని కసిరిన, వినలేదు, తప్పు నాదే అని రాసింది. అందుకే బదిలీ."

ఆ రోజు బండి దగ్గర ఆమె కసిరిన ఆ ఒక్క కోయ ముక్క నాకు ఆరేళ్ల తర్వాత అర్థమైంది. అప్పుడు నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఆ తల్లి నాకూ చెప్పింది. దవాఖానాలో. పుస్తకంలో..."

"తెల్సు సార్."

నేను ప్రహరీ పట్టుకున్నాను.

"బొమ్మ చూపిచ్చినా మీకు సమజ్ కాలేదని ఆ తల్లే సిస్టర్‌కు చెప్పింది, దవాఖానల పిల్ల సంగతి చెప్పిన రోజే. సిస్టర్ నాతోని ఒట్టేయించుకున్నది. ‘ఈ మాట నీ నోట రావొద్దు. వస్తే ఆ తమ్ముడు బస్సెక్కి పోతడు, మళ్ల రాడు. పిల్లలకు పుస్తకాలు ఎవరు తెస్తరు?’ అన్నది. ఆమె పోయింది గద సార్, అందుకే ఇప్పుడు చెప్తున్న."

తిరుగు బస్సెక్కాం. కొత్తగూడెం దాటాక అద్దాల మీద వాన పడడం మొదలైంది. ఈ ఏడు తొలకరి అదే.

వారం తర్వాత కొత్త పుస్తకాలు తీసుకుని గుంపుకు పోయాను. ఆ తల్లి ఇంట్లోనే ఉంది. బాబు ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నాడు. ఈ ఆరేళ్లలో నేను ఆ ఇంటికి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. పోయినప్పుడల్లా ఆమె చెంబుతో నీళ్లిచ్చేది. ఆ రోజూ ఇచ్చింది. తాగాను. సిస్టర్ పోయిందని చెప్పాను. తెలుసన్నట్టు తల ఊపింది. నాకు ఇప్పుడు కోయ వచ్చు, తప్పులతోనే అయినా వచ్చు. చెంబు చేతిలోనే పట్టుకుని అన్నాను.

"ఆ రోజు దవాఖానాలో నువ్వు నాకు చెప్పావు. బొమ్మ చూపించి చెప్పావు."

ఆమె ముఖంలో కోపం లేదు. నిన్నటి సంగతి గుర్తు చేస్తే చెప్పినంత మామూలుగా చెప్పింది.

"చెప్పిన. నువ్వు నవ్వినవ్."

నా చేతిలోంచి ఖాళీ చెంబు తీసుకుని లోపలికి పోయింది.